198 నుంచి 369కి: అమెరికా రైతు బిల్లు ఎలా గట్టెక్కింది?

[స్క్రీన్‌పై: 198 – 213]

2018 మే 18. అమెరికా ప్రతినిధుల సభలో వ్యవసాయ బిల్లు ఓడిపోయింది. అనుకూలంగా 198, వ్యతిరేకంగా 213.

[స్క్రీన్‌పై: 369 – 47]

అదే ఏడాది డిసెంబర్ 12. అదే సభ, కూర్చున్నదీ దాదాపు అదే మనుషులు, ఈసారి 369 మంది సరే అన్నారు. ఏడు నెలల్లో ఇంతమందికి రైతు మీద ప్రేమ పుట్టుకొచ్చిందా? అదేం లేదండీ. బేరం కుదిరింది, అంతే. మన సంతలో జరిగేలాంటి బేరమే, కాకపోతే ఇక్కడ సరుకు విలువ పదేళ్లకి సుమారు 867 బిలియన్ డాలర్లు.

ముందు ఈ ఫార్మ్ బిల్ సంగతేంటో చూద్దాం. 1933లో, పంటల ధరలు పాతాళానికి పడిపోయిన రోజుల్లో మొదలైంది. దాదాపు ఐదేళ్లకోసారి మళ్లీ రాసుకుంటారు. ధర పడితే ఇచ్చే సాయం, పంట బీమా, అప్పులు, భూసంరక్షణ, అన్నీ ఇందులోనే. కానీ డబ్బు లెక్క తీస్తే నాలుగింట మూడొంతులు పేదల తిండికే పోతుంది. ఒకప్పుడు ఫుడ్ స్టాంప్స్, ఇప్పుడు స్నాప్. మన రేషన్ కార్డుకి దూరపు చుట్టం అనుకోండి. బియ్యం ఇవ్వరు, నెలనెలా కార్డులో డబ్బు వేస్తారు. పాలు, గుడ్లు, కూరగాయలు బుట్టలో వేసుకుని కౌంటర్ దగ్గర ఆ కార్డు గీస్తే చాలు, అదే బుట్టలో సబ్బు ఉంటే మాత్రం దానికి సొంత డబ్బు కట్టాలి. 2024లో నాలుగు కోట్ల మందికి పైగా దీని మీద ఆధారపడ్డారు.

మరి రైతు బిల్లులో పేదల తిండి ఎందుకు దూరింది? నాకు ఈ కథంతటిలో నచ్చిన భాగం ఇదే.

1964లో పత్తి, గోధుమ రైతుల బిల్లుకి పల్లె ప్రాంతాల సభ్యుల దగ్గర ఓట్లు చాలట్లేదు. ఫుడ్ స్టాంప్స్ బిల్లుకి నగరాల సభ్యుల దగ్గరా చాలట్లేదు. సెయింట్ లూయిస్ నగరం నుంచి గెలిచిన లియోనార్ సల్లివన్ ఆ స్టాంపుల కోసం ఏళ్ల తరబడి పట్టు వదలకుండా తిరిగిన మనిషి. చివరికి నీకు నేను, నాకు నువ్వు అన్నట్టు రెండు బిల్లులూ ఒకే రోజు, ఏప్రిల్ 8న, సభ దాటాయి. నిజానికి అప్పటికి ఇది రెండు పార్టీల పొత్తు కూడా కాదు, ఎక్కువగా డెమోక్రాట్ల ఇంట్లోనే పల్లెకీ పట్నానికీ కుదిరిన రాజీ. 1973లో రెండింటినీ ఒకే చట్టంలో ముడేశాక రిపబ్లికన్లూ ఈ బేరంలోకి దిగారు.

సెనేటర్లు బాబ్ డోల్, జార్జ్ మెక్‌గవర్న్ జోడీనే చూడండి. 1972లో మెక్‌గవర్న్ డెమోక్రాట్ల అధ్యక్ష అభ్యర్థి, అప్పుడు రిపబ్లికన్ పార్టీ జాతీయ కమిటీకి ఛైర్మన్ డోల్. అంటే మెక్‌గవర్న్‌ని తిట్టడం ఆయన డ్యూటీ. ఇద్దరివీ గోధుమ పండే రాష్ట్రాలు, కాన్సస్, సౌత్ డకోటా. అప్పట్లో పేదవాడు ముందు కొంత డబ్బు కడితేనే స్టాంపులు ఇచ్చేవారు, చేతిలో పైసా లేనివాడికి అవీ లేవన్నమాట. ఆ రూల్‌ని 1977 చట్టంలో తీసేయించడంలో ముందున్నది వీళ్లిద్దరే.

[స్క్రీన్‌పై: 195 – 234]

ఇక 2013. ప్రతినిధుల సభలో ఫార్మ్ బిల్ ఓడింది. స్నాప్‌లో కోత చాలలేదని 62 మంది రిపబ్లికన్లు వద్దన్నారు, కోత మరీ ఎక్కువైందని డెమోక్రాట్లు వద్దన్నారు. దాంతో రిపబ్లికన్ నాయకత్వం ముడి విప్పేసింది, రైతులకి ఒక బిల్లు, తిండికి ఇంకొకటి. రైతుల బిల్లు 216–208తో బొటాబొటిగా బయటపడింది, ఒక్క డెమోక్రాట్ ఓటు లేదు. ఎగువ సభ సెనేట్ దగ్గరికి వెళ్లేసరికి ఈ విడాకులు చెల్లలేదు, మళ్లీ రెండూ కలిపితేనే 2014 ఫిబ్రవరిలో ఒబామా సంతకం పడింది. స్నాప్ కోత ప్రతినిధుల సభ అడిగిన దాదాపు 40 బిలియన్ల దగ్గర మొదలై 8 బిలియన్ల దగ్గర ఆగింది.

2018లో కథ మళ్లీ అదే. ప్రతినిధుల సభ బిల్లులో స్నాప్ కావాలంటే పని చేసి తీరాలనే రూల్‌ని బిగించారు. డెమోక్రాట్లు ఒక్కరూ ఓటేయలేదు. రిపబ్లికన్లలోనే ఒక వర్గమేమో వలసల బిల్లు మీద ఓటింగ్ పెట్టలేదని అలిగింది (రైతుకీ దానికీ సంబంధం ఏంటని అడక్కండి). బిల్లు పడిపోయింది. నెల తర్వాత అలక తీర్చి తెస్తే 213–211. రెండే ఓట్ల తేడా.

అటు సెనేట్‌లో బిల్లు ముందుకు కదలాలంటే మామూలుగా 60 ఓట్లు కావాలి, రిపబ్లికన్లు ఉన్నది 51 మంది. అందుకే కమిటీ ఛైర్మన్, రిపబ్లికన్ పాట్ రాబర్ట్స్ మొదటి నుంచీ డెమోక్రాట్ డెబీ స్టాబెనోతో కలిసి కూర్చుని రాశాడు. 86–11తో పాసయింది. డిసెంబర్‌లో 369 ఓట్లు తెచ్చుకున్న చివరి బిల్లులో ఆ కొత్త పని రూల్ లేదు. పైగా తన రాష్ట్రం కెంటకీ రైతుల కోసం సెనేట్ నాయకుడు మిచ్ మెకానల్ పట్టుబట్టిన హెంప్ సాగుకి అనుమతి చేరింది. గంజాయి జాతి మొక్కే, మత్తు నామమాత్రం. రాజీ ప్రతి మీద ఆయన హెంప్‌తో చేసిన పెన్నుతోనే సంతకం పెట్టాడు.

ఇలాంటి బేరం లేకుండా నడిచిన కథా ఒకటుంది. మన దగ్గర 2020 సెప్టెంబర్ 20 గుర్తుందా? సాగు బిల్లులకి రాజ్యసభలో ఓట్లు లెక్కించమని ప్రతిపక్షం గొడవ చేస్తుంటే మూజువాణి ఓటుతో కానిచ్చేశారు. అప్పటి మన రెండు రాష్ట్రాల అధికార పార్టీలు చెరో పక్కన నిలబడ్డాయి, వైసీపీ సమర్థించింది, టీఆర్ఎస్ వ్యతిరేకించింది. ఏడాది పాటు రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్నాక, 2021 నవంబర్‌లో ఆ చట్టాలు చర్చే లేకుండా రద్దయ్యాయి.

సరే, మళ్లీ అమెరికాకి వద్దాం. ఆ 2018 చట్టం గడువు 2023 సెప్టెంబర్‌లో తీరిపోయింది. కొత్తది రాలేదు, పాతదాన్నే పొడిగిస్తూ వచ్చారు. 2025 జులైలో రిపబ్లికన్లు 60 ఓట్లు అక్కర్లేని బడ్జెట్ దారి పట్టి, పంటల మద్దతు ధరలు పెంచుకున్నారు, స్నాప్‌లో పదేళ్లకి దాదాపు 186 బిలియన్ డాలర్లు కోశారు. సెనేట్‌లో 50–50 అయితే ఉపాధ్యక్షుడి ఓటుతో గట్టెక్కింది. నాకు కనిపించే చిక్కు ఇక్కడే. రైతు పక్షం తనకి కావాల్సిన పెద్ద ముక్క ముందే తీసేసుకుంటే, మిగిలిన ఫార్మ్ బిల్‌కి నగరం వాళ్లు ఏం చూసి ఓటేయాలి?

ఆ శరదృతువులోనే ఖర్చుల బిల్లు పాసవ్వక ప్రభుత్వం 43 రోజులు మూతపడింది, నవంబర్‌లో స్నాప్ డబ్బులు చాలామందికి సమయానికి పడలేదు. సెనేట్‌లో డెమోక్రాట్ల పక్షం నుంచి ఎనిమిది మంది ఇటు వస్తేనే తాళం తెరుచుకుంది. ఆ చట్టంతోనే 2018 ఫార్మ్ బిల్‌ని 2026 సెప్టెంబర్ దాకా లాగారు. హెంప్ నుంచి తీసి అమ్ముతున్న మత్తు సరుకుకి కళ్లెం వేసే నిబంధన కూడా అందులోనే ఉంది. దాని వెనక ఉన్నది ఎవరో తెలుసా? ఆ పెన్ను పట్టుకున్న మెకానలే.