ఒంటరి ప్రయాణానికి మొదటి సెయిల్‌బోట్: ఫోన్-ఇన్ కార్యక్రమం

(అమెరికా తూర్పు తీరంలోని తెలుగువాళ్ళ కోసం నడిచే ఇంటర్నెట్ రేడియోలో ఆదివారం ఉదయం వచ్చిన కార్యక్రమం ఇది. అతిథి విశాఖలో పుట్టి, చాలా ఏళ్ళుగా మేరీలాండ్‌లోని అనాపోలిస్‌లో సెయిలింగ్ నేర్పుతున్న కెప్టెన్. ఫోన్ చేసినవాళ్ళకి ఊరి పేర్లే ఇచ్చాం.)

యాంకర్: అందరికీ నమస్కారం. ఒక్కరే తెరచాప పడవలో తిరగాలనుకునేవాళ్ళు మొదటి పడవ ఎలా చూసుకోవాలన్నది ఇవాళ్టి విషయం. కెప్టెన్ గారూ, ఫోన్లు అప్పుడే వస్తున్నాయి. ముందుగా మీ మాట.

కెప్టెన్: నమస్కారమండీ. పడవ చూడగానే అందరూ "ఇది సముద్రం దాటుతుందా?" అని అడుగుతారు. మొదటి పడవకి ఆ ప్రశ్న అక్కర్లేదు. సాయంత్రం పూట, పక్కగాలి కొడుతుంటే, అందుకునేవాళ్ళు ఎవరూ లేకపోతే, దీన్ని నేను ఒక్కణ్ణీ రేవులో కట్టగలనా? అది అడగండి. కట్టగలననిపిస్తే అప్పుడు సర్వే, అంటే నిపుణుడితో పడవ మొత్తం తనిఖీ, చేయించండి. సర్వే లేకుండా సంతకం పెట్టొద్దు. ఇవాళ ఈ మాట ఇంకా చాలాసార్లు చెబుతాను, విసుక్కోవద్దు.

యాంకర్: మొదటి ఫోన్ రిచ్‌మండ్ నుంచి. చెప్పండి.

రిచ్‌మండ్: నమస్తే సర్. టిల్లర్ ఉన్నది మంచిదా, వీల్ ఉన్నది మంచిదా?

కెప్టెన్: 30 అడుగుల లోపు అయితే టిల్లరే. తెడ్డు లాంటి కర్ర, చుక్కానికి నేరుగా బిగించి ఉంటుంది, మధ్యలో పాడయ్యేది ఏమీ లేదు. గాలి ఎక్కువైతే చేతికే తెలుస్తుంది, టిల్లర్ గుంజుతుంది. అప్పుడు తెరచాప తగ్గించాలి. ఆటోపైలట్ కూడా టిల్లర్‌కి చౌకలో దొరుకుతుంది. కానీ అది పెట్టుకున్నాక ఒకటి గుర్తుంచుకోండి, మీరు నీళ్ళలో పడితే పడవ ఆగదు. అది దాని దారిన పోతూనే ఉంటుంది. అందుకని ఒంటికి కట్టుకునే పట్టీలు, హార్నెస్ అంటారు, అవి వేసుకుని, దాని తాడు పడవకి తగిలించుకునే ఉండాలి.

రిచ్‌మండ్: ఇంకొకటి సర్, రోలర్ ఫర్లింగ్...

యాంకర్: సారీ అండీ, లైన్లు నిండిపోయాయి. థాంక్యూ. కొలంబియా, మేరీలాండ్ నుంచి... చెప్పండి సర్.

కొలంబియా: నమస్కారం కెప్టెన్ గారూ. మాది రాజమండ్రి దగ్గరండి. చిన్నప్పుడు గోదావరి మీద లాంచీలూ, తెరచాప ఎత్తిన పడవలూ చూస్తూ పెరిగాం. మా నాన్నగారు రేవుకి తీసుకెళ్ళేవారు. ఇక్కడికొచ్చి పాతికేళ్ళు దాటింది. పిల్లలిద్దరూ కాలేజీకి వెళ్ళిపోయారు. నాకు 54. ఉద్యోగం ఇంటి నుంచే. ఇన్నాళ్ళూ అన్నీ వాళ్ళ కోసం చేశాం కదా, ఇక ఒక పడవ కొనుక్కుని నేను ఒక్కణ్ణీ అలా...

యాంకర్: మీ ప్రశ్న, సర్?

కొలంబియా: అదేనండి, వస్తున్నా. ఒక పడవ చూశాను. 38 అడుగులు. 1983ది. లోపల రెండు పడక గదులు, వంటగది, షవర్, ఏసీ కూడా ఉంది. ధర చాలా తక్కువ చెబుతున్నాడు. త్వరగా తేల్చమంటున్నాడు, వేరేవాళ్ళు అడుగుతున్నారట. తీసుకోవచ్చా?

కెప్టెన్: ఎంతకాలంగా సెయిలింగ్ చేస్తున్నారు?

కొలంబియా: అనాపోలిస్‌లో టికెట్ కొనుక్కుని వెళ్ళే పెద్ద పడవ ఉంటుంది కదండీ, దాంట్లో వెళ్ళాం. యూట్యూబ్‌లో మాత్రం చాలా చూశాను.

కెప్టెన్: సరే. అయితే వద్దండీ.

కొలంబియా: పడవ మాత్రం చాలా గట్టిదండి. సర్వేయర్ అక్కర్లేదన్నాడు ఆయన, తనే అన్నీ చూసుకున్నాడట. అభిలాష్ టామీ గారు మహదేయి మీద ఒక్కరే ప్రపంచమంతా చుట్టి వచ్చారు కదా, అది 56 అడుగులు. నేను 38 అంటున్నాను.

కెప్టెన్: ఆయన అప్పట్లో నేవీ అధికారి, పైలట్. 2012 నవంబర్‌లో ముంబై నుంచి బయలుదేరేనాటికి ఆ పడవలో ప్రతి బోల్టూ ఆయనకి తెలుసు. వెనక నేవీ అంతా ఉంది. తర్వాత ఒక్కరే ప్రపంచం చుట్టే గోల్డెన్ గ్లోబ్ రేసులో రెండో స్థానం తెచ్చుకున్నప్పుడు ఆయన నడిపింది 36 అడుగుల రస్ట్లర్. అంతటి ఆయనకి భూగోళం చుట్టడానికి 36 అడుగులు సరిపోయింది. మనం వారాంతంలో ఇక్కడి చెసాపీక్ బే అవతల ఉన్న సెయింట్ మైకేల్స్ వెళ్ళి రావడానికి 38 ఎందుకండీ?

కొలంబియా: చోటు కోసం అండి. బంధువులు వస్తే...

కెప్టెన్: ఒక్కణ్ణే అన్నారు కదా. సరే, బరువు సంగతి చెబుతాను. కాటలీనా 27 అని ఒక పడవ ఉంది. 1971 నుంచి 20 ఏళ్ళు కట్టారు, 6 వేలకు పైనే ఉంటాయి, ఈ బే నిండా కనిపిస్తాయి. బరువు 7 వేల పౌండ్ల లోపు. అదే కంపెనీ 38 అడుగులది 16 వేల పౌండ్ల దగ్గర ఉంటుంది. పొడవు 11 అడుగులే పెరిగింది, బరువు రెట్టింపు దాటింది. రేవులోకి వచ్చేటప్పుడు 27ని చేత్తో తోసి ఆపొచ్చు, అదీ మెల్లగా వస్తుంటేనే. 16 వేల పౌండ్లని కాలు అడ్డం పెట్టి ఆపబోతే కాలు విరుగుతుంది. పడవకీ రేవుకీ మధ్య చెయ్యీ కాలూ ఎప్పుడూ పెట్టకండి.

కొలంబియా: మరి ఒక్కరే ఎలా కడతారండి?

కెప్టెన్: మంచి ప్రశ్న. పడవ నడిమి భాగంలో, పక్కన ఒక క్లీట్, అంటే తాడు చుట్టి కట్టే కొక్కెం, ఉంటుంది. లేకపోతే వేయించుకోవాలి. దానికి ఒక తాడు కట్టి, ముందే చేతికి అందేలా పెట్టుకోండి. మెల్లగా రేవు పక్కకి వచ్చి, దిగకుండానే ఆ తాడుని రేవు మీద, మీకు కాస్త వెనకగా ఉన్న క్లీట్‌కి మెలేసి, కొస మళ్ళీ పడవలోకి తెచ్చి బిగించండి. ఇంజన్ ముందు గేరులోనే, బాగా తక్కువ వేగంలో ఉంచి, చుక్కాని రేవుకి అవతలి వైపు తిప్పినట్టు పెట్టండి. పడవ ముందుకి పోబోతుంది, తాడు పోనివ్వదు, దాంతో పక్కకి ఆనుకుని అక్కడే నిలబడుతుంది. అప్పుడు తొందరేమీ లేకుండా దిగి ముందు తాడూ వెనక తాడూ కట్టుకోవచ్చు. దూకొద్దు. ఒక్కరే ఉన్నప్పుడు దూకడమన్నదే ఉండకూడదు.

కొలంబియా: బాగుందండి. అంటే ఈ తాడు పద్ధతి నేర్చుకుంటే 38 తీసుకోవచ్చంటారా?

కెప్టెన్: (కాసేపు ఆగి) లేదండీ. అదే చెబుతున్నాను.

కొలంబియా: 36 అయితే?

యాంకర్: సర్, ఇంకా చాలామంది లైన్లో...

కెప్టెన్: ఉండండమ్మా, ఈయన్ని ఇలా వదిలేస్తే రేపే చెక్కు రాసిచ్చేస్తారు. బాబూ, మెరీనాలో అద్దె అడుగుకి ఇంత అని తీసుకుంటారు. నీళ్ళలోంచి పైకి ఎత్తడానికి అడుగుల లెక్కే. అడుగు భాగానికి వేసే రంగు కూడా పొడవుని బట్టే. పైన మాస్ట్‌ని, అంటే తెరచాప స్తంభాన్ని, పట్టుకుని ఉండే స్టీలు వైర్లు ఎప్పుడు మార్చారో అడిగారా?

కొలంబియా: అడగలేదండి.

కెప్టెన్: 10, 15 ఏళ్ళు దాటితే మార్చాలంటారు, ఇన్సూరెన్స్ వాళ్ళూ అడుగుతారు. 1983 పడవకి ఎన్నడూ మార్చకపోతే, మాస్ట్ దించి అన్నీ కొత్తవి వేయడానికి అయ్యే ఖర్చు మీరు పడవకి పెట్టే ధరని దాటిపోవచ్చు. తక్కువ ధర అందుకే అయి ఉండొచ్చు. పడవకి ఎంత పెడతారో, కనీసం అందులో సగం విడిగా ఉంచుకోండి, మొదటి ఏడాది మరమ్మతులకి.

కొలంబియా: మరి సర్వేయర్ రాకముందు నేనే ఏమైనా చూసుకోవచ్చా?

కెప్టెన్: చూసుకోవచ్చు. స్క్రూడ్రైవర్ ఒకటి తీసుకెళ్ళండి, పొడవడానికి కాదు. పిడితో డెక్ మీద మెల్లగా తట్టుకుంటూ వెళ్ళండి, పుచ్చకాయ తట్టి చూసినట్టు. బాగున్నచోట టక్‌టక్‌మని గట్టిగా పలుకుతుంది. మాస్ట్ మొదట్లో, రెయిలింగ్ కాళ్ళ దగ్గర, కిటికీల చుట్టూ ఎక్కడైనా మొద్దుగా 'దబ్'మంటే, రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య ఉన్న చెక్క నాని కుళ్ళిందన్నమాట. స్క్రూ బెజ్జంలోంచి ఏళ్ళ తరబడి వాన నీళ్ళు దిగితే అలా అవుతుంది. తర్వాత లోపలికి దిగి, ఆ వైర్లని పట్టి ఉంచే స్టీలు పట్టీలు డెక్‌లోంచి కిందికి దిగే చోట టార్చి వేసి చూడండి. తుప్పు కారిన చారలుంటే ఆగిపోండి. స్టెయిన్‌లెస్ అయినా, గాలి తగలకుండా తడిలో ఉంటే లోలోపల చీలుతుంది. పడవ నీళ్ళలోంచి పైకి తీసినప్పుడు, కీల్, అంటే పడవ అడుగున కిందికి దిగి ఉండే బరువైన రెక్క, పడవకి కలిసే చోట ముందువైపు అడ్డంగా పగులుందేమో చూడండి. పాత కాటలీనాల్లో అది మామూలే, బాగుచేయించుకోవచ్చు, కానీ ధర తగ్గించి అడగాలి. ఇవన్నీ చూసి బాగుందనిపించాకే సర్వేయర్‌కి డబ్బు పెట్టండి. అడుక్కి 20, 30 డాలర్లు తీసుకుంటారు. అమ్మేవాడు సర్వే అక్కర్లేదంటే ఆ పడవ మనకి అక్కర్లేదు.

కొలంబియా: మా ఆవిడకి టెన్షన్‌గా ఉందండి, ఒక్కడివే ఎలా వెళ్తావని. అసలు నేను ఫోన్ చేసింది అందుకే.

కెప్టెన్: ఆమె అడిగేది న్యాయమే కదండీ. ఇద్దరూ కలిసి బేసిక్ కీల్‌బోట్ కోర్సు చేయండి, వారాంతాల్లో అయిపోతుంది. ఆమె పడవ ఎక్కకపోయినా, మీరు ఏం చేస్తున్నారో తెలిస్తే భయం కొంత తగ్గుతుంది. తర్వాత ఎండాకాలమంతా బుధవారం సాయంత్రం రేసులకి రండి. అనాపోలిస్‌లో మనుషులు తక్కువైన పడవలు ఎప్పుడూ ఉంటాయి, రేవులో నిలబడి అడిగితే ఎక్కించుకుంటారు. వేరేవాళ్ళ పడవ మీద నేర్చుకోండి. ఆ తర్వాత 27 చూడండి. లేదా ఆల్బర్గ్ 30. కెనడాలో 700 పైనే కట్టారు, ఈ బేలో వాటికి సంఘమే ఉంది. కీల్ పొడవుగా ఉంటుంది కాబట్టి టిల్లర్ వదిలినా తిన్నగా పోతుంది. వెనక్కి మాత్రం చెప్పిన మాట వినదు. అది నేర్చుకోవాలి. వెళ్ళే ప్రతిసారీ ఎక్కడికి, ఏ రాత్రి ఎక్కడ లంగరు, ఎన్ని గంటలకి ఫోన్ అన్నది కాగితం మీద రాసి ఆమె చేతికివ్వండి. హార్నెస్ ఆమె ఎదురుగా వేసుకు చూపించండి.

కొలంబియా: చాలా థాంక్సండి. ఆయనకి ఇవాళే ఫోన్ చేసి వద్దంటాను.

కెప్టెన్: చేయండి. కోర్సుకి వచ్చినప్పుడు రేవులో కలుద్దాం.

యాంకర్: థాంక్యూ సర్. ఎడిసన్, న్యూజెర్సీ.

ఎడిసన్: నమస్తే అండి. నాకు పడవ ఫ్రీగా ఇస్తామంటున్నారు. 30 అడుగులు, అటామిక్ 4 ఇంజన్. నడుస్తోంది.

కెప్టెన్: అమ్మా, అది పెట్రోల్ ఇంజన్. మంచి ఇంజనే, కానీ పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు. కారితే పడవ అడుగున పేరుకుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. స్టార్ట్ చేసే ముందు ప్రతిసారీ ఆ ఆవిరిని బయటికి తోసే ఫ్యాన్, బ్లోయర్ అంటారు, అది వేసి, కొన్ని నిమిషాలు ఆగి, వాసన చూడాలి. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి డీజిల్ నయం. ఇక ఫ్రీ అంటే, సర్వే చేయించారా?

ఎడిసన్: ఫ్రీ కదా అని...

కెప్టెన్: ఫ్రీ అయితే మరీ చేయించాలి. పేరు మారిన మర్నాటి నుంచి మెరీనా బిల్లు మీదే.

యాంకర్: థాంక్యూ అండి. హ్యూస్టన్ నుంచి...

హ్యూస్టన్: సర్, గాల్వెస్టన్ బేలో నీళ్ళు చాలా తక్కువ, కీల్ ఎంత లోతు ఉండొచ్చు...

కెప్టెన్: నాలుగు, నాలుగున్నర అడుగులు దాటకుండా చూసుకోండి. మా చెసాపీక్ కూడా అంతే, సగటు లోతు 21 అడుగులు. మంచి చోట్లన్నీ చిన్న చిన్న పాయల్లోనే... హలో? కట్ అయినట్టుంది.

యాంకర్: హైదరాబాద్ నుంచి ఒక అమ్మాయి చాలాసేపటి నుంచి ఎదురుచూస్తోంది. చెప్పమ్మా.

హైదరాబాద్: నమస్తే అంకుల్. ఇంజనీరింగ్ సెకండియర్. మన నేవీ తెరచాప పడవ ఐఎన్ఎస్‌వీ తారిణి గురించి చదివినప్పటి నుంచీ సొంత పడవ కొనాలని ఉంది. డబ్బులు లేవు గానీ... ఏ పడవతో మొదలెట్టాలి?

కెప్టెన్: తారిణిలో 2017, 18ల్లో ప్రపంచం చుట్టిన ఆరుగురు మహిళా అధికారుల్లో ఇద్దరు మనవాళ్ళే తల్లీ. బొడ్డపాటి ఐశ్వర్య గారిది మీ హైదరాబాద్, స్వాతి గారిది మా విశాఖ. నువ్వు పడవ కొననక్కర్లేదు. హుస్సేన్ సాగర్ మీద సెయిలింగ్ క్లబ్బులున్నాయి. వెళ్ళి లేజర్ అనే చిన్న పడవ నడపడం నేర్చుకో. ఒక మనిషి, ఒక తెరచాప. తప్పు చేస్తే అక్కడికక్కడే బోల్తా కొట్టి చూపిస్తుంది, మళ్ళీ నిలబెట్టుకుని ఎక్కాలి. ఒంటరి సెయిలింగ్‌కి అంతకన్నా మంచి బడి నేను చూడలేదు. పెద్ద పడవలో గాలి ఎటు నుంచి వస్తోందో మీటరు చూసి తెలుసుకునేవాళ్ళున్నారు. లేజర్ నడిపినవాళ్ళకి మెడ మీద చర్మమే చెబుతుంది. ఈత వచ్చా?

హైదరాబాద్: కొంచెం వచ్చు.

కెప్టెన్: కొంచెం చాలదు. ముందు అది చూసుకో. ఈతొచ్చినా లైఫ్ జాకెట్ మాత్రం విప్పొద్దు. క్లబ్బులో చేరాక మళ్ళీ ఫోన్ చెయ్యి, నీతో మాట్లాడాలి నేను.

యాంకర్: ఆల్ ది బెస్ట్ అమ్మా. చివరి ఫోన్, నార్ఫోక్ నుంచి.

నార్ఫోక్: సర్, నాకు 28 అడుగుల పడవ ఉంది. మూడో సీజన్. చలికాలం దక్షిణానికి దిగి బహామాస్ వెళ్ళాలని. నేను హెచ్-1బీ మీద ఉన్నాను.

కెప్టెన్: పడవ సరిపోతుంది. నార్ఫోక్ నుంచి ఫ్లోరిడా దాకా లోపలి జలమార్గం ఉంది. దాని మీద వంతెనలు ఎక్కువగా 65 అడుగుల ఎత్తు, మీ మాస్ట్‌కి ఇబ్బంది లేదు. రోజూ చీకటి పడకముందే లంగరు వేసుకోవచ్చు, నిద్ర సమస్య ఉండదు. ఫ్లోరిడా నుంచి దాటేటప్పుడు గల్ఫ్ స్ట్రీమ్ అనే సముద్ర ప్రవాహం ఉత్తరానికి పారుతుంటుంది. ఉత్తరపు గాలి ఉంటే బయలుదేరొద్దు. గాలీ ప్రవాహమూ ఎదురెదురుగా గుద్దుకుని అలలు నిట్టనిలువుగా లేస్తాయి. మంచి రోజు కోసం వారం ఆగాల్సి వచ్చినా ఆగండి. ఇక కాగితాలు. మీరు సిటిజన్ కాదు కాబట్టి ఫెడరల్ డాక్యుమెంటేషన్, అంటే కేంద్ర ప్రభుత్వం దగ్గర పడవ నమోదు, రాదు, స్టేట్ రిజిస్ట్రేషన్ కాగితం వెంట ఉండాలి. పాస్‌పోర్టులో వీసా స్టాంపు చెల్లుతోందా?

నార్ఫోక్: అప్రూవల్ నోటీసు ఉంది. స్టాంపింగ్ అయిపోయింది... అంటే గడువు అయిపోయింది.

కెప్టెన్: అయితే ఈ ఏడు ఫ్లోరిడా కీస్ దాకా వెళ్ళి వెనక్కి రండి, దేశం దాటకండి. సొంత పడవలో వచ్చినా విమానంలో వచ్చినా తిరిగి రావడానికి వీసా కావాల్సిందే. ముందు లాయర్‌ని అడిగి, స్టాంపింగ్ సంగతి తేల్చుకున్నాక బహామాస్. వైర్లు ఎప్పుడు మార్చారు?

నార్ఫోక్: నిరుడు సర్. సర్వే కూడా చేయించాను.

కెప్టెన్: శభాష్. హార్నెస్?

నార్ఫోక్: ఉంది. ఎండగా ఉన్నప్పుడు వేసుకోను...

కెప్టెన్: ఎండలోనూ పడతారు బాబూ. పడితే పడవ ఆగదు.

యాంకర్: సమయం అయిపోయింది. కెప్టెన్ గారూ, ధన్యవాదాలు. లైన్ దొరకని వాళ్ళు ప్రశ్నలు వాట్సాప్‌లో పంపండి. వార్తల తర్వాత మళ్ళీ కలుద్దాం.