రంగు కడిగిన నీళ్లు

శ్రోతలకు నమస్కారం.

పర్యావరణానికి చేటు చేయకుండా ఫ్యాషన్ సాగుతుందా? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది తిరుప్పూరు. తమిళనాడులోని ఈ ఊరు టీషర్టులకు, బనియన్లకు దేశంలోకెల్లా పెద్ద కేంద్రం. ఊళ్లోంచి నొయ్యల్ నది పారుతుంది, పోయి కావేరిలో కలుస్తుంది. దాని మీద ఒరత్తుప్పాళయం దగ్గర సాగునీటికని కట్టిన ఆనకట్ట 1990ల మొదట్లో పూర్తయింది. కొన్నేళ్లకే అందులో అద్దకం యూనిట్లు వదిలిన నీళ్లు నిండాయి. కాలవ ఎప్పుడు వదులుతారా అని ఎదురుచూడాల్సిన రైతులే ఆ నీళ్లు మాకొద్దని కోర్టుకెక్కారు.

రంగు నీళ్లనగానే మన కళ్లముందు ఎరుపు, నీలం మెదులుతాయి. అసలు చేటు ఉప్పుతో. నూలు బట్టకు రంగు బాగా పట్టాలంటే తొట్టిలో ఉప్పు దండిగా పోయాలి. ఆ ఉప్పు బట్టలో నిలవదు. బట్టకు పట్టని రంగుతో పాటు కడిగిన నీళ్లలో బయటికొచ్చేస్తుంది. మామూలు శుద్ధితో రంగు విరుగుతుంది గానీ ఉప్పు పోదు. అది బావుల్లోకి దిగింది, పొలాలను చవుడు చేసింది.

2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లను మూసేయమంది. చుక్క నీరు కూడా బయటికి వదలని ఏర్పాటు చేసుకున్నాకే తెరవమంది. పనులు ఆగిపోయిన కూలీల కష్టం చిన్నది కాదు. అయితే ఆ తర్వాత జరిగినదీ చెప్పుకోవాలి. ఇప్పుడక్కడ వాడిన నీటిని సన్నటి పొరల గుండా వడకట్టి, మిగిలిన ఉప్పునీటిని యంత్రాల్లో మరిగించి, తొంభై శాతానికి పైగా నీళ్లను తిరిగి తొట్టికే పంపుతున్నారు. ఉప్పులో చాలావరకు మళ్లీ వాడుతున్నారు. దేనికీ పనికిరాని ఉప్పు మడ్డి మిగులుతూనే ఉంది, మరిగించడానికి ఇంధనం బోలెడు ఖర్చవుతోంది. అయినా ఇది సాధ్యమేనని ఆ ఊరు చేసి చూపించింది.

మరి ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? నీళ్లు శుద్ధి చేసేవాడి బట్ట, చేయని చోట అద్దిన బట్ట ఒకే బజారులో పోటీ పడతాయి. చవక బట్టనే ఎంచుకుంటూ పోతే మనం నిజాయితీగా పనిచేసినవాడికి జరిమానా వేస్తున్నట్టే.

దీనికి తోడు ఇంకో చిక్కుంది. బ్రిటన్‌లోని ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం పదిహేనేళ్లలో ప్రపంచంలో బట్టల ఉత్పత్తి సుమారు రెండింతలైంది. ఒక్కో బట్టను తొడుక్కునే సార్లు మూడోవంతుకు పైగా తగ్గాయి. వాడేసిన బట్టల్లోంచి మళ్లీ బట్టగా మారేది ఒక్క శాతం కూడా లేదు. ఒక్కో చొక్కాకు ఎంత నీరు ఆదా చేసినా, చొక్కాల లెక్క ఇలా పెరిగితే ఆ ఆదా అంతా అందులోనే కొట్టుకుపోతుంది.

మళ్లీ బట్టగా ఎందుకు మారదో పానిపట్ వెళ్తే తెలుస్తుంది. దేశదేశాల పాత ఉన్ని బట్టలు అక్కడికొస్తాయి. గుండీలు, జిప్పులు కోసేసి, రంగుల వారీగా వేరుచేసి, యంత్రంలో పీకి దూది చేస్తారు. ఆ పీకుడులో పోగు పొట్టిదైపోతుంది. దానితో కంబళ్లు నేయొచ్చు, సన్నటి చొక్కా నేయలేం. నూలు, పాలిస్టర్, సాగే దారం కలగలిసిన బట్టైతే విడదీయడమే గగనం. అందుకే "రీసైకిల్డ్" అన్న చీటీ చూసి నేను తృప్తి పడలేను. రీసైకిల్డ్ పాలిస్టర్‌లో అత్యధిక భాగం నీళ్ల సీసాల నుంచే వస్తుంది, పాత బట్టల నుంచి కాదు.

మన శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, ఏకులు చేసి, చేత్తో వడికి నేస్తారు. పంచె అంత మెత్తగా రావడం వెనక ఆడవాళ్ల రోజుల తరబడి శ్రమ ఉంది. ప్రపంచమంతా ఇదే కట్టాలని నేననను. కానీ అంత శ్రమపడి నేసిన పంచెను ఎవరూ నాలుగుసార్లు కట్టి పారేయరు.

నా దృష్టిలో అసలు కిటుకు అదే: తక్కువ కొనడం, ఎక్కువ కాలం కట్టడం. ఈసారి బట్టలు కొనేటప్పుడు లోపలి కుట్టు తిప్పి చూడండి. మన దర్జీలు జాకెట్టు కుడితే, ఒళ్లు వస్తే వదులు చేసుకోవడానికి లోపల గుడ్డ వదులుతారు. చవక రెడీమేడ్‌లో ఆ గుడ్డ దాదాపు ఉండదు. కుట్టు పక్కన అర అంగుళమైనా వదిలారో లేదో చూసి, వదలకపోతే ఎందుకు వదల్లేదని కొట్టులో అడగండి.

సెలవు.