షాకర్ల మార్పిడి: చేతిలో ఉండవలసిన పనిముట్లు

మిత్రులారా,

సికింద్రాబాదు రాణీగంజ్‌లో ఒక పూట ఓపికగా తిరిగితే దొరకని పానా ఉండదు. బాలానగర్‌లో పనిముట్ల రూపకల్పన నేర్పే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచీ ఉంది. అయినా హైదరాబాదులోని చాలా షెడ్లలో కారు షాకర్లను, అంటే కుదుపులను అణిచే షాక్ అబ్జార్బర్లను, ఇప్పటికీ సుత్తి, ప్లయరు, గాలి ఒత్తిడితో నట్లు తిప్పే గాలి గన్నులతోనే మారుస్తున్నారు. అది నాకు బాధ కలిగించే విషయం.

1983లో వచ్చిన మారుతి 800తో మన మెకానిక్కులకు బాగా అలవాటైన మెక్‌ఫర్సన్ స్ట్రట్‌లో షాకరూ, దాని చుట్టూ ఉండే స్ప్రింగూ ఒకే కట్టుగా ఉంటాయి. అమెరికా ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ పేరు మీదుగా వచ్చిన ఈ ఏర్పాటు చోటునూ ఖర్చునూ తగ్గించింది గాని, విప్పేవాడి మీద ఒక బాధ్యత పెట్టింది. స్ట్రట్‌ను కారు నుంచి దించి బల్ల మీద పెట్టిన తరువాత కూడా స్ప్రింగు నొక్కుకునే ఉంటుంది. దాన్ని ఎగరకుండా ఆపుతున్నది పైనున్న ఒకే ఒక్క నడిమి నట్టు. బానెట్ ఎత్తగానే కనిపించే చుట్టూరి నట్లు స్ట్రట్‌ను బాడీకి పట్టి ఉంచుతాయి కాబట్టి వాటిని విప్పవచ్చు గాని, స్ప్రింగు కంప్రెసరు బిగించనిదే నడిమి నట్టు జోలికి పోకూడదు.

స్ప్రింగును నొక్కి పట్టే ఈ కంప్రెసరు అంటే రెండు పొడవాటి మరలు, వాటికి కొక్కేలు. వాటిని స్ప్రింగుకు ఎదురెదురుగా, వీలైనన్ని చుట్లు కలిసివచ్చేలా తగిలించి, ఒకసారి ఇటూ ఒకసారి అటూ కొద్దికొద్దిగా, చేతి పానాతోనే బిగించాలి. గాలి గన్నుతో బిగిస్తే మర వేడెక్కి అరుగుతుంది, ఒక పక్క ఎక్కువ నొక్కుకుని స్ప్రింగు వంకరపోతుంది. స్ప్రింగు మీద కూర్చునే పై గిన్నె చేత్తో తిప్పితే సులువుగా తిరిగిందంటే స్ప్రింగు వదులైనట్లే. తాడుతోనో తీగతోనో కట్టి పని కానిచ్చేవారిని చూశాను. చెయ్యి పోగొట్టుకోవడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

ఇక నడిమి నట్టు సంగతి. దాన్ని తిప్పితే షాకరు కడ్డీ కూడా దానితోపాటు తిరుగుతుంది. కొన్నేళ్ల క్రితం నా సొంత కారుకు ఒక షెడ్డులో కొత్త షాకర్లు వేయించుకుంటే, వానాకాలం గడవకముందే ఎడమ షాకరు నూనె కారింది. విప్పి చూస్తే, అద్దంలా మెరవవలసిన క్రోమ్ కడ్డీ మీద ప్లయరు పళ్ల గాట్లు వరుసగా ఉన్నాయి. గోటితో రాస్తే గోరు ఆగింది. గోరును ఆపిన గాటు, కడ్డీ పైకీ కిందికీ కదిలిన ప్రతిసారీ నూనె బయటికి రాకుండా ఆపే ఆయిల్ సీలు పెదవిని కోసింది. అందుకే నడుమ ఆరపార రంధ్రమున్న సాకెట్టు కావాలి. రంధ్రంలోంచి అలెన్ కీ (ఆరు పలకల కడ్డీ పానా) దించి కడ్డీ తలను పట్టుకుంటే, బయటి పానాతో నట్టు మాత్రమే తిరుగుతుంది. ధర చూసి వెనకాడేవారు ఒక షాకరు ధరతో పోల్చుకోవాలి.

స్ట్రట్‌ను చక్రం వైపు పట్టి ఉంచే కింది భాగం కారును బట్టి మారుతుంది. మారుతి, హ్యుందాయ్‌ల చిన్న కార్లలో సాధారణంగా రెండు బోల్టులు ఉంటాయి. విప్పేముందు వాటి స్థానానికి గీత పెట్టుకోవాలి, లేకపోతే చక్రం వాలు మారుతుంది. ఫోక్స్‌వ్యాగన్ పోలో వంటి కార్లలో నకిల్, అంటే చక్రాన్ని మోసే ఇనుప దిమ్మ, స్ట్రట్‌ను గుండ్రంగా కరిచి పట్టుకుంటుంది. చీలికలో ప్రత్యేకమైన చదును బిట్టు దూర్చి పావు చుట్టు తిప్పితే పట్టు సడలుతుంది; సుత్తి దెబ్బలతో అది జరగదు.

తిరిగి బిగించేటప్పుడు కంపెనీ మాన్యువల్ చెప్పిన కొలతకే, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో బిగించాలి.

ఇప్పుడు ఈ బల్ల మీదున్న స్ట్రట్‌ను విప్పి చూపిస్తాను. ముందు వరుసలోని వారు నట్టుకు ఎదురుగా కాకుండా కాస్త పక్కకు జరిగి కూర్చోవలసిందిగా కోరుతున్నాను.