పిల్లతో వాదించండి, పిల్ల జోలికి పోబాకండి

నమస్కారమండీ. ఈ పూట పిలకాయల గురించి మాట్లాడదామని వచ్చా. ఫోన్ మంచిదా చెడ్డదా అనే పాత పంచాయితీ మళ్లీ పెట్టను, అది మీరు ఇప్పటికే చాలాసార్లు విని ఉంటారు. ఆ ఫోన్‌లో ఒక పిల్ల తనకి తోచిన మాట, నలుగురికీ గిట్టని మాట ఒకటి చెప్తే, ఆ తర్వాత ఆ పిల్లని ఏం చేస్తా ఉండారో, ఎవరు చేస్తా ఉండారో, అది చెప్పాల నేను.

మన నెల్లూరు జిల్లాలోనే ఒక ఊరు అనుకోండి. సముద్రం పక్కన, అల్లూరు వైపో ఇందుకూరుపేట వైపో. చుట్టూ రొయ్యల గుంటలు. ఆ ఊళ్లో తొమ్మిదో తరగతి చదివే పాప ఒకటి ఉండాది, వాళ్లింట్లో బోరు నీళ్లు ఉప్పగా అయిపోయినాయి, తాగే నీళ్లకి రోజూ క్యాను కొనుక్కోవాల్సిందే. ఆ పాప సైన్స్ క్లాసులో విన్నది గుర్తు పెట్టుకుని అర నిమిషం రీల్ ఒకటి చేసింది, గుంటల్లో ఉప్పునీళ్లు భూమిలోకి దిగి మా బోర్లు చెడిపోతా ఉండాయి, ఊరికి ఇంత దూరంలో ఉండాలని హద్దు పెట్టండి అని. అంతే చెప్పింది. ఇది వివాదమా అంటే వివాదమే, కాదనను, ఎందుకంటే ఆ ఊళ్లో సగం ఇళ్లకి ఆ గుంటలే అన్నం పెడతా ఉండాయి, కౌలు డబ్బులు, మేత షాపులు, ఐస్ ఫ్యాక్టరీ, కూలీ, అన్నీ దాంతో ముడిపడి ఉండాయి. పాప చెప్పిందాంట్లో తప్పుంటే తప్పని చెప్పొచ్చు, మా గుంటకి మేం ఫలానా జాగ్రత్త తీసుకుంటా ఉండామమ్మా అని చెప్పొచ్చు. అట్టా చెప్పేవాళ్లు ఎంతమంది?

ముందొచ్చే కామెంటు "ఫస్ట్ టెన్త్ పాస్ అవ్వు పాపా". అన్నింటిలోకీ మర్యాదైంది ఇదే. తర్వాత "ఎవరి కూతురు ఇది". ఆ తర్వాత కులం పేరు. ఆ తర్వాత రంగు మీద, పళ్ల మీద. ఆ తర్వాత ఎవడో దొంగ పేరుతో ఉండేవాడు "నెంబర్ ఉందా ఎవరి దగ్గరన్నా" అంటాడు, దాని కింద నవ్వే బొమ్మలు. రెండో రోజుకి ఆ పాప మొహం కత్తిరించి మీమ్ తయారవుద్ది, అది ఊరి వాట్సాప్ గ్రూపులోకి వస్తుంది, మూడో రోజు టీ కొట్టు కాడ వాళ్ల నాయన్ని పిలిచి "మీ పాప బాగా లీడర్ అయిందే" అంటారు. ఆ సాయంత్రం ఇంట్లో ఏం జరిగుంటుందో నేను చెప్పక్కర్లేదు.

ఇది నేను అనుకుని చెప్పిన కథే, కానీ ఇందులో ఒక్క కామెంటు కూడా నేను కొత్తగా పుట్టించింది కాదు, మీరూ చూసి ఉంటారు. గుంటల బదులు ఇంకేదన్నా పెట్టుకోండి. ఒంగోలు జాతి ఎడ్లంటే ప్రకాశం జిల్లాకి ప్రాణం, బండలాగుడు పందేలు అంటే పండగ, అక్కడ ఒక పిల్లోడు ఆ ఎడ్లని కర్రతో పొడవబాకండి, వాటికి నొప్పి కాదా అని పోస్ట్ పెట్టాడనుకోండి. లేకపోతే ఒక పాప, పెద్ద హీరో సినిమా నాకు నచ్చలేదు, అందులో ఆడపిల్లల్ని చూపించిన పద్ధతి బాలేదు అన్నదనుకోండి. ఇక హీరోల ఫ్యాన్స్ సంగతి చెప్పాలా, పార్టీల వాళ్ల సంగతి చెప్పాలా. ఆ పిల్లకి ఎన్నేళ్లు అని ఎవరూ చూడరు. చూసినా ఆగరు, అది నాకు ఎక్కువ బాధ.

ఇంకోటి చెప్పాల. ఇట్టాంటి కామెంట్లు పెట్టేది ఆకతాయి కుర్రాళ్లేలే అని మనం సర్ది చెప్పుకుంటాం. ప్రొఫైల్ తెరిచి చూడండి ఒకసారి. పెళ్లయి ఇద్దరు పిల్లలున్నవాళ్లు, డీపీలో దేవుడి బొమ్మ పెట్టుకున్నవాళ్లు, ఉద్యోగస్తులు, అందులో మనకి తెలిసినవాళ్లు. ఎదురుగా ఉంటే ఆ పాపని "ఏమ్మా బాగుండావా" అని పలకరించేవాళ్లే. పద్నాలుగేళ్ల పిల్ల మీద నలభై ఏళ్ల మనిషి అంత మాట ఎట్టా రాస్తా ఉండాడు అంటే, అక్కడ పిల్ల కనపడటం లేదు వాడికి, ఎదటి పార్టీ కనపడతా ఉంది, ఎదటి కులం కనపడతా ఉంది. ఫోన్ కూడా దానికి సాయం చేస్తుంది. మెచ్చుకున్నా తిట్టినా ఆ యాప్‌కి రెండూ ఒకటే, దీని మీద గొడవ జరుగుతా ఉంది అంటే జనం చూస్తా ఉండారని లెక్క, ఇంకో వెయ్యి మందికి చూపిస్తుంది. అంటే నువ్వు తిట్టటానికి రాసిన కామెంటు కూడా ఆ పిల్ల మీదకి ఇంకొందర్ని తోలతా ఉంది. పాపని వెనకేసుకొచ్చి వాళ్లతో పోట్లాడినా అంతే, ఇది చాలామందికి తెలియదు.

పిలకాయలకి అన్నిటికంటే ఎక్కువ తగిలేది ఏందో తెలుసా. తిట్టు కాదంట. ఆ తిట్టుకి ఎవరెవరు లైక్ కొట్టారో ఆ లిస్టు. అందులో పక్క బెంచీ పిల్ల పేరు ఉంటే, మేనత్త కొడుకు పేరు ఉంటే, రాత్రంతా ఆ పేర్లే చూసుకుంటా పడుకోని ఉంటారు. పోస్ట్ తీసేస్తే అయిపోవాల కదా అంటారు పెద్దోళ్లు. అవదు, స్క్రీన్‌షాట్ ఎప్పుడో వెళ్లిపోయి ఉంటది, ఎన్ని గ్రూపుల్లో తిరుగుతా ఉందో ఎవరికీ తెలియదు.

మన నెల్లూరు జిల్లాలో ఉండేవాళ్లకి దూబగుంట గుర్తు చెయ్యాల్సిన పని లేదు. 1992లో అక్కడి ఆడవాళ్లు, రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు, మా ఊళ్లో సారా వద్దన్నారు. వాళ్లలో ముందు నిలబడ్డ వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. అప్పట్లో అది ఎంత గిట్టని మాట! సారా వేలం పాటల మీద బతికే కాంట్రాక్టర్లు ఉండారు, ఇంట్లో తాగే మగోళ్లు ఉండారు, బెదిరింపులు వచ్చినాయి. అయినా 1993 ఏప్రిల్లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబర్లో రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. ఇది ఎందుకు చెప్తా ఉండానంటే, ఊరికి గిట్టని మాటని చెప్పి నెగ్గిన జిల్లా మనది. వాళ్లు పెద్దోళ్లు, ఒక గుంపుగా ఉండారు, ఒకరికొకరు తోడు ఉండారు. రీల్ చేసిన పాపకి ఆ తోడు లేదు, రాత్రి పదకొండింటికి దుప్పటి కింద ఒక్కతే ఉండాది.

బయట దేశాల్లో బాగుంటుందేమో అనుకోబాకండి. స్వీడన్‌లో గ్రెటా థన్‌బర్గ్ అని, 2018 ఆగస్టులో పదిహేనేళ్ల వయసులో పార్లమెంట్ ముందు అట్ట పట్టుకుని కూర్చుంది, వాతావరణం గురించి. ఆ అమ్మాయి మాటతో ఒప్పుకోనివాళ్లు ఉండొచ్చు, లెక్కలు తీసుకుని వాదించొచ్చు, కానీ ఆమె జడల మీద, మొహం మీద, ఆమెకున్న ఆటిజం మీద పడ్డారు. దేశాధ్యక్షులు కూడా వెక్కిరించారు. అప్పటికి ఆమె చిన్న పిల్లే.

ఇప్పుడు చట్టం సంగతి, ఇది కొంచెం ఓపిగ్గా వినండి. మొదటిది, అభిప్రాయం చెప్పటం నేరం కాదు. 2012 నవంబర్లో మహారాష్ట్ర పాల్ఘర్‌లో బంద్ ఎందుకు అని ఫేస్‌బుక్‌లో రాసిన ఒక అమ్మాయినీ, దాన్ని లైక్ చేసిన ఇంకో అమ్మాయినీ అరెస్ట్ చేశారు, అప్పుడు నెట్‌లో నొప్పించే మాట రాస్తే నేరం అనే 66ఏ సెక్షన్ ఐటీ చట్టంలో ఉండేది. దాని మీద కేసు సుప్రీంకోర్టు దాకా పోయి, 2015 మార్చి 24న ఆ సెక్షన్నే కొట్టేశారు. ఎంత గిట్టని విషయమైనా చర్చించటం, దాని తరఫున వాదించటం మాట్లాడే స్వేచ్ఛ కిందికే వస్తుంది, జనాన్ని రెచ్చగొట్టే దాకా పోతేనే ఆంక్ష అన్నది ఆ తీర్పులో ముఖ్యమైన సంగతి. పిలకాయలకి ఈ హక్కు లేదేమో అనుకుంటారు కొందరు. పిల్లల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి 1989లో చేసిన ఒప్పందంలో పిల్లల మాట వినాలని, వాళ్లు తమ అభిప్రాయం చెప్పుకోవచ్చని విడివిడిగా రాసి ఉంది, మన దేశం 1992లో దాంట్లో చేరింది.

రెండోది, మన దేశంలో ఆన్‌లైన్‌లో ఏడిపించటం అనే పేరుతో విడిగా చట్టం లేదు, అందుకని స్టేషన్‌కి పోతే ఒక్కోసారి "కామెంట్లే కదా సార్" అంటారు. కానీ ఆ కామెంట్లలో ఏముందో విడదీసి చూపిస్తే చట్టం ఉంది. చంపుతాం, ఎత్తుకుపోతాం అంటే బెదిరింపు, పేరు దాచిపెట్టుకుని బెదిరిస్తే దానికి శిక్ష ఇంకా పెరుగుద్ది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని లైంగికంగా వేధించే మాటలు రాస్తే 2012 పోక్సో చట్టం, ఆడపిల్లయినా మగపిల్లోడైనా. మొహం తీసి బట్టలు లేని బొమ్మకి అతికిస్తే ఐటీ చట్టం 67బి, మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. నవ్వులాటకి ఫార్వర్డ్ చేసినవాళ్లు కూడా అందులోకి వస్తారు, గ్రూపుల్లో ఉండే అన్నలు ఇది గుర్తు పెట్టుకోవాల.

ఇక ఇల్లు. నాకు తెలిసినంతలో పిలకాయలు ఈ విషయం ఇంట్లో చెప్పకపోవటానికి కారణం సిగ్గు సగమే, మిగతా సగం ఫోన్ లాగేసుకుంటారనే భయం. వాళ్ల భయం నిజం కూడా. మనం మొదట చేసేది అదే. "నీకెందుకమ్మా ఆ ఊసు, నలుగుర్లో పరువు తీశావు" అంటాం, ఫోన్ బీరువాలో పెడతాం. అవతల వాళ్లు కోరుకుంది కూడా అదే కదా, ఆ పిల్ల నోరు మూసుకోవాలని. వాళ్లు మొదలు పెట్టిన పనిని మనం ఇంట్లో కూర్చోబెట్టి పూర్తి చేస్తా ఉండాం. కాబట్టి అన్నం తినకుండా లేచిపోతా ఉంటే, ఫోన్ మోగితే ఉలిక్కిపడతా ఉంటే, ఉన్నట్టుండి బడికి పోనంటే, ముందు పక్కన కూర్చోండి. పిల్ల చెప్పిన మాట మీకు నచ్చకపోయినా ఆ రోజు అది మాట్లాడబాకండి, వారం తర్వాత మాట్లాడొచ్చు.

తర్వాత చెయ్యాల్సింది కోపంలో డిలీట్ కొట్టటం మాత్రం కాదు. ముందు స్క్రీన్‌షాట్లు తియ్యండి, రాసినోడి ప్రొఫైల్ పేరు, తేదీ, టైమ్ కనపడేటట్టు, ఆ పోస్ట్ లింకు కూడా కాపీ చేసి పెట్టుకోండి, ఎందుకంటే వాళ్లు పేరు మార్చుకుని తీసేసుకుంటారు, స్టేటస్ అయితే ఒక రోజులో పోతుంది. ఒక్క కామెంటుకి కూడా జవాబు రాయబాకండి, మీకు ఎంత మంటగా ఉన్నా సరే. అప్పుడు కామెంట్లు ఆపేసి, అకౌంట్ ప్రైవేట్ చేసి, ఒక్కొక్కరినీ రిపోర్ట్ చేసి బ్లాక్ చెయ్యండి. బెదిరింపో, అసభ్యమో ఉంటే ఎవరికి చెప్పాలో వెతుక్కోబాకండి, cybercrime.gov.in, అంటే నేషనల్ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్ అని కేంద్ర ప్రభుత్వానిది ఒకటి ఉండాది, అందులో ఆడవాళ్ల, పిల్లల కేసులకి విడిగా చోటు ఉంది, అక్కడ మీ పేరు చెప్పకుండా కూడా రాయొచ్చు. ఫోన్ అయితే 1930. పిల్లలకి ఆపద అంటే 1098, రాత్రయినా పగలైనా.

ఒక్కటి మాత్రం చెయ్యబాకండి, "మా పాపకి న్యాయం చెయ్యండి" అని ఆ పాప ఫోటో, పేరు, బడి పేరు పెట్టి మళ్లీ మీరే గ్రూపుల్లో తిప్పటం. ప్రేమతోనే చేస్తారు, కానీ చూడని వాళ్లందరికీ కూడా చూపించినట్టు అవుద్ది. ఇట్టాంటి కేసుల్లో పిల్లల వివరాలు బయట పెట్టకూడదని చట్టమే చెప్తా ఉంది.

బడుల్లో అయ్యవార్లకి ఒక విన్నపం. మీమ్ చేసిన పిల్లోడు చాలాసార్లు అదే క్లాసులో ఉంటాడు. వాడిని అసెంబ్లీలో నిలబెట్టి కొట్టబాకండి, వాడి అమ్మానాన్నని పిలిపించి, వాడి చేతే ఎక్కడెక్కడికి పంపాడో చెప్పించి, అన్నిచోట్లా తీయించండి. ఆ పాపని ఏడిపించకుండా ఎట్టా వాదించొచ్చో తెలిసేటట్టు, ఆ గుంటల మీదే క్లాసులో డిబేట్ పెట్టండి, రెండు వైపులా మాట్లాడనివ్వండి, గుంటలున్న ఇంటి పిల్లోడికి కూడా చెప్పుకునేది చాలా ఉంటుంది, వాడిదీ వినాల.

చివరగా ఇది వింటా ఉండే పిలకాయలతో. నీకు తోచింది చెప్పు తల్లీ, చెప్పు నాయనా. చెప్పేటప్పుడు వీడియోలో యూనిఫామ్, బడి బోర్డు, ఇంటి గుమ్మం కనపడకుండా చూసుకో, పెట్టే ముందు నువ్వు నమ్మే పెద్దమనిషి ఒకరికి చూపించు. కామెంట్లు మొదలయితే కూర్చుని అన్నీ చదవబాక, ఫోన్ ఇంకొకరి చేతికిచ్చి వాళ్లని చదవమను. మనసు మరీ పాడయితే 14416 కొట్టు, టెలీ మానస్ అంటారు, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. తెల్లారినాక అమ్మకో, నాన్నకో, తాతకో, టీచర్‌కో ఎవరో ఒకరికి ఆ ఫోన్ చూపించు. మొత్తం చూపించు, ఎవరికీ చూపించలేను అనుకున్న ఆ కామెంటుతో సహా.