వాట్సాప్, సిగ్నల్, టెలిగ్రామ్: తాళం సరే, తాళంచెవి ఎవరి దగ్గరుంది?

నమస్కారమండీ. వాట్సాప్‌లో కొత్త చాట్ తెరవగానే పైన చిన్న డబ్బాలో "ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్" అని ఒక మాట కనిపిస్తుంది కదా, ఈ వీడియో దాని గురించే. మెసేజ్‌కి మీ ఫోన్‌లో తాళం పడి, అవతలివాళ్ల ఫోన్‌లోనే తెరుచుకుంటుందని, మధ్యలో కంపెనీ కూడా చదవలేదని దాని అర్థం. వాట్సాప్, సిగ్నల్, టెలిగ్రామ్, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి ఒక్కటే చూద్దాం: తాళంచెవి ఎవరి దగ్గరుంది? స్టిక్కర్లు, థీమ్‌ల జోలికి వెళ్లడం లేదు.

ముందు వాట్సాప్. 2016 ఏప్రిల్ నుంచి ఇందులో ఎన్‌క్రిప్షన్ అందరికీ దానంతటదే ఆన్‌లో ఉంటోంది. వాడేది సిగ్నల్ ప్రోటోకాల్, అంటే సిగ్నల్ యాప్ వాడే తాళం పద్ధతే. యాప్ వేసుకోగానే మీ ఫోన్‌లోనే ఒక కీల జత, అంటే తాళంచెవుల్లా పనిచేసే రెండు పెద్ద సంఖ్యలు, తయారవుతుంది. పబ్లిక్ కీ వాట్సాప్ కంపెనీ కంప్యూటర్‌కి, అంటే సర్వర్‌కి వెళ్తుంది, ప్రైవేట్ కీ ఫోన్ దాటదు. అవతలివాళ్ల పబ్లిక్ కీని మీ ప్రైవేట్ కీతో కలిపి లెక్కకడితే ఒక రహస్య సంఖ్య వస్తుంది. వాళ్లు మీ పబ్లిక్ కీతో, వాళ్ల ప్రైవేట్ కీతో లెక్కకట్టినా అదే సంఖ్య. రెండు పబ్లిక్ కీలూ తెలిసిన సర్వర్‌కి మాత్రం అది దొరకదు. మెసేజ్‌లకు తాళం వేసే కీలు ఆ సంఖ్య నుంచే వస్తాయి. పైగా ప్రతి మెసేజ్‌కీ కొత్త కీ పుడుతుంది, వాడేసిన కీ చెరిగిపోతుంది. కాబట్టి ఇవాళ్టి కీ ఎవరి చేతికైనా చిక్కినా నిన్నటి మెసేజ్‌లు దానితో తెరుచుకోవు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. అవతలివాళ్ల పబ్లిక్ కీ మీకు తెచ్చిచ్చేది సర్వరే. అది వేరేవాళ్ల కీ తెచ్చి అంటగడితే? దానికి విరుగుడే ఈ 60 అంకెల కోడ్. స్క్రీన్ చూడండి: చాట్‌లో పేరు మీద నొక్కి, కిందికి జరిపి, "ఎన్‌క్రిప్షన్" నొక్కితే అయిదేసి అంకెలు 12 గుంపులుగా కనిపిస్తాయి. ఇద్దరూ ఎదురెదురుగా ఉంటే క్యూఆర్ స్కాన్ చేస్తే చాలు. దూరంగా ఉంటే మామూలు ఫోన్ కాల్ చేసి చదివి వినిపించండి. ఆ అంకెల్ని అదే చాట్‌లో పంపి సరిచూసుకుంటే లాభం లేదు. మీకు అనుమానమున్నది ఆ దారి మీదే కదా!

"సెక్యూరిటీ కోడ్ మారింది" అని నోటీసు వస్తే కంగారుపడకండి. ఎక్కువసార్లు అవతలివాళ్లు ఫోన్ మార్చి ఉంటారు, లేదా యాప్ తీసేసి మళ్లీ వేసుకుని ఉంటారు. కానీ ఆ నోటీసు వచ్చిన వెంటనే "అర్జెంటుగా డబ్బులు పంపు" అని మెసేజ్ వచ్చిందంటే, కాల్ చేసి గొంతు వినకుండా పైసా కదపొద్దు.

అసలు చిల్లు బ్యాకప్‌లో ఉంది. చాట్‌లు గూగుల్ అకౌంట్‌లోకో ఐక్లౌడ్‌లోకో బ్యాకప్ అవుతాయి. అక్కడికి చేరాక వాట్సాప్ ఎన్‌క్రిప్షన్ కాపలా ఉండదు, మీరు విడిగా ఆన్ చేస్తే తప్ప. ఆ సౌకర్యం 2021లోనే వచ్చింది. సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్, అందులో ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్. పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, లేదంటే 64 అంకెల కీ తీసుకోవచ్చు. మా మాట వింటే పాస్‌వర్డ్ పెట్టి, దాన్ని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఫోనూ పోయి, పాస్‌వర్డూ మర్చిపోతే ఆ బ్యాకప్‌ని వాట్సాప్ వాళ్లు కూడా తెరవలేరు. ఇంకో తిరకాసు: మీరు ఆన్ చేసి, అవతలివాళ్లు చేయకపోతే, మీ మాటలన్నీ వాళ్ల బ్యాకప్‌లో మామూలుగానే పడి ఉంటాయి. ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక్కరు చేయకపోయినా ఇదే సంగతి.

ఎవరితో, ఎప్పుడు, ఎన్నిసార్లు మాట్లాడారన్న వివరాలకు ఈ తాళం వర్తించదు. అక్కడ సిగ్నల్‌కి ఎదురులేదు. 2021లో అమెరికాలోని కాలిఫోర్నియా గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టాలా వద్దా తేల్చే పౌరుల బృందం) ఒక ఖాతా వివరాలు అడిగితే సిగ్నల్ వాళ్లు ఇవ్వగలిగినవి రెండే: ఖాతా తెరిచిన తేదీ, చివరిసారి కనెక్ట్ అయిన తేదీ. ఇంకేమీ దాచుకోలేదు మరి. 2024 నుంచి ఫోన్ నంబర్ కనపడకుండా యూజర్‌నేమ్‌తో మాట్లాడొచ్చు, అయితే ఖాతా తెరవడానికి నంబర్ కావాల్సిందే. సిగ్నల్‌తో చిక్కల్లా ఒక్కటే, మన చుట్టాలెవరూ అందులో ఉండరు!

టెలిగ్రామ్ దగ్గర చాలామంది పొరబడతారు. కొత్త ఫోన్‌లో లాగిన్ అవగానే పాత చాట్‌లన్నీ గలగలా వచ్చేస్తాయి, భలే ఉంటుంది. ఒక్కసారి ఆలోచించండి: పాత ఫోన్ లేకుండా, బ్యాకప్ లేకుండా అవి ఎలా తెరుచుకున్నాయి? తాళంచెవి టెలిగ్రామ్ వాళ్ల దగ్గర ఉంది కాబట్టే. మామూలు చాట్, గ్రూప్, ఛానెల్, అన్నీ ఇంతే. ఎండ్-టు-ఎండ్ కావాలంటే అవతలివాళ్ల ప్రొఫైల్‌లో మూడు చుక్కలు నొక్కి "సీక్రెట్ చాట్" మొదలుపెట్టాలి. అది ఇద్దరి మధ్యే నడుస్తుంది, మొదలుపెట్టిన ఫోన్‌లోనే ఉంటుంది, లాగవుట్ అయితే పోతుంది. సినిమా ఛానెళ్లకు టెలిగ్రామ్ బాగుంటుంది. ఆధార్ కాపీ పంపడానికి మాత్రం వద్దు.

ఏ యాప్ వాడినా తెరిచి ఉన్న ఫోన్ దగ్గర, తెరిచి ఉన్న కంప్యూటర్ దగ్గర ఎన్‌క్రిప్షన్ పని అయిపోయినట్టే. జిరాక్స్ షాపులో ప్రింట్ కోసం వాట్సాప్ వెబ్ తెరుస్తాం, ప్రింట్ చేతికి రాగానే వెళ్లిపోతాం, లాగవుట్ మర్చిపోతాం. వాట్సాప్‌కి ఫోన్ కాకుండా నాలుగు పరికరాలు జోడించొచ్చు. ఇప్పుడే వాట్సాప్‌లో ఆ పరికరాల జాబితా, లింక్డ్ డివైసెస్ తెరవండి. ఒక్కో దాని పక్కన చివరగా ఎప్పుడు వాడారో రాసి ఉంటుంది. మీది కాని కంప్యూటర్ కనిపిస్తే దాని మీద నొక్కి లాగవుట్ చేసేయండి. ఎన్ని బయటపడ్డాయో కింద కామెంట్‌లో రాయండి.