వేలూరు జైలు నుంచి రాజ్యాంగ సభ దాకా: లాయరు దుర్గాబాయి

[స్క్రీన్ మీద: రాజ్యాంగ సభ సమావేశం, పాత ఫోటో]

రాజ్యసభ సభ్యులు కావాలంటే కనీసం 30 ఏళ్లు నిండాలి. మొదట ఆ అంకె 35. 1949 మే నెలలో ఈ నిబంధన రాజ్యాంగ సభ ముందుకు వచ్చినప్పుడు, అయిదేళ్లు తగ్గించమని సవరణ పెట్టింది ఒక తెలుగు లాయరు. సభ రికార్డుల్లో ఆమె పేరు శ్రీమతి జి. దుర్గాబాయి. మనందరికీ తెలిసిన పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్.

నమస్కారం. హైదరాబాద్‌లో విద్యానగర్ వైపు తిరిగేవాళ్లకు ఆమె పేరుతో ఉన్న ఆస్పత్రి తెలుసు. చెన్నై తెలుగువాళ్లకు ఆంధ్ర మహిళా సభ తెలుసు. ఢిల్లీలో పింక్ లైన్ మెట్రో ఎక్కేవాళ్లు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్ అనే స్టేషన్ పేరు వినే ఉంటారు. ఇవన్నీ ఆమెను గొప్ప సంఘసేవకురాలిగా గుర్తుచేస్తాయి. అది నిజమే. కానీ ఆమెను అంతవరకే చూడటం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. దుర్గాబాయి ముందు లాయరు, ఆ తర్వాత ఈ దేశానికి చట్టాలు రాసిన మనిషి. ఈ వీడియోలో ఆ దుర్గాబాయి గురించే మాట్లాడుకుందాం.

[స్క్రీన్ మీద: కాకినాడ, 1923]

1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆ బంధం వద్దని బయటికి వచ్చేసింది. ఇంగ్లీషు చదువు వద్దని బడి మానేసి, హిందీ నేర్చుకుని, తోటి ఆడపిల్లలకు హిందీ నేర్పే పాఠశాల పెట్టింది. అప్పటికి ఆమే ఇంకా చిన్నపిల్ల. ఈ హిందీ సంగతి గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్లీ పని ఉంది.

1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబడింది. టికెట్ లేనివాళ్లను లోపలికి పంపకూడదు, అదీ ఆమెకు చెప్పిన పని. జవహర్‌లాల్ నెహ్రూ టికెట్ లేకుండా వచ్చారు. ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడి కోప్పడినా మెత్తబడలేదు. చివరికి టికెట్ కొన్నాకే ఆయన లోపలికి వెళ్లారు. ఈ కథ చాలామంది చెబుతారు, చెప్పి నవ్వుకుంటారు. నాకు మాత్రం ఇందులో లాయరు బుద్ధి కనిపిస్తుంది. నియమం అన్నాక అది ఎదురుగా ఉన్న మనిషిని బట్టి మారకూడదు.

[స్క్రీన్ మీద: ఉప్పు సత్యాగ్రహం, మద్రాసు, 1930]

ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది జైలు. 1930లో ఉప్పు సత్యాగ్రహం మద్రాసుకు చేరింది. టంగుటూరి ప్రకాశం పంతులు గారితో పాటు ముందు వరుసలో నిలబడ్డవాళ్లలో దుర్గాబాయి ఒకరు. అప్పటికి ఆమెకు ఇరవయ్యేళ్లు. అరెస్టు చేసి వేలూరు జైలుకు పంపారు. 1933 దాకా మూడుసార్లు జైలుకు వెళ్లారు. అందులో ఒకసారి మధురైలో ఒంటరి ఖైదు. ఆరోగ్యం బాగా దెబ్బతింది.

వేలూరు జైల్లో రాజకీయ ఖైదీలే కాదు, హత్య కేసుల్లో శిక్ష పడ్డ ఆడవాళ్లూ ఉండేవారు. వాళ్లతో మాట్లాడేకొద్దీ దుర్గాబాయికి ఒక విషయం అర్థమైంది. వాళ్లలో కొందరికి తమ మీద పెట్టిన కేసు ఏమిటో కూడా సరిగ్గా తెలియదు. కోర్టులో ఏం చెప్పుకోవాలో, ఎవరిని అడగాలో తెలియదు. చదువు లేదు, చేతిలో డబ్బు లేదు, తరఫున మాట్లాడే మనిషి లేడు. లా చదవాలన్న నిర్ణయం అక్కడే తీసుకున్నానని తర్వాత ఆమే రాసుకున్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆ రోజుల్లో అలాంటి స్త్రీకి ఉచితంగా లాయరును పెట్టాలనే హక్కు చట్టంలో లేదు. ఈ రోజు ఉంది. 1987లో వచ్చిన న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, సెక్షన్ 12 ప్రకారం స్త్రీలకూ, కస్టడీలో ఉన్నవాళ్లకూ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. మీకు తెలిసినవాళ్లు ఎవరైనా అలాంటి ఇబ్బందిలో ఉంటే జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లమనండి. దయచేసి ఈ మాట పదిమందికీ చెప్పండి.

సరే, మళ్లీ కథలోకి. లా చదవాలంటే ముందు మెట్రిక్ కావాలి కదా! దుర్గాబాయి బడి మానేసి చాలా ఏళ్లయింది. అందుకే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం నుంచి ప్రైవేటుగా మెట్రిక్, ఆ తర్వాత ఇంటర్మీడియట్. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పొలిటికల్ సైన్స్ ఆనర్స్. అప్పుడు వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఆడపిల్లలకు హాస్టల్ లేదు, ఎలా చేర్చుకుంటాం అన్న ప్రశ్న వచ్చింది. చదవాలనుకునే అమ్మాయిలను దుర్గాబాయే వెతికి కూడగట్టి, హాస్టల్ ఏర్పాటు చేసుకుని మరీ చేరారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభకు పునాది పడింది కూడా చదువుతోనే. తనలా బడికి దూరమైన ఆడపిల్లలను బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారు చేయడం దాని తొలి పనుల్లో ఒకటి. చివరికి 1942లో లా పూర్తయింది, మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు మొదలైంది. జైలుకు, నల్లకోటుకు మధ్య దాదాపు పదేళ్లు పట్టింది.

[స్క్రీన్ మీద: 1946, ఢిల్లీ]

నాలుగేళ్లకే మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. సభలో స్త్రీలు 15 మందే. అధ్యక్షుడు లేనప్పుడు సభను నడిపే ప్యానెల్‌లో ఉన్న ఒకే ఒక్క స్త్రీ దుర్గాబాయి.

ఇక అసలు విషయం. ఆమె సభలో ఏం చేశారు? ఉపన్యాసాలకన్నా ఎక్కువగా సవరణలు పెట్టారు. అందులో ఒకటి వివరంగా చూద్దాం, ఎందుకంటే దాని ప్రభావం ఈ రోజుకీ ఉంది.

1948 డిసెంబర్. మత స్వేచ్ఛ అధికరణం మీద చర్చ. ముసాయిదాలో ఏముందంటే, హిందువుల్లో ‘ఏదైనా ఒక తరగతికో, విభాగానికో’ దేవాలయాలను తెరిపించే చట్టం ప్రభుత్వం చేయవచ్చు. వినడానికి బాగానే ఉంది. కానీ లాయరు చదివితే ఇందులో సందు కనిపిస్తుంది. రేపు ఒక ప్రభుత్వం ఒక కులానికి తలుపు తెరిచి, మరో కులాన్ని బయటే నిలబెట్టి, రాజ్యాంగం చెప్పింది చేశాను అనవచ్చు. ‘అన్ని తరగతులకూ, విభాగాలకూ’ అని మార్చాలని దుర్గాబాయి సవరణ పెట్టారు. అంబేద్కర్ ఒప్పుకున్నారు. ఈ రోజు రాజ్యాంగం తెరిచి 25వ అధికరణం, రెండో క్లాజు, బి చూడండి. ఉన్నది ఆమె మాటే.

దీని బలం 1957లో తెలిసింది. దక్షిణ కన్నడలో మూల్కి వెంకటరమణ ఆలయం కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. ఇది మా సమాజం గుడి, ఎవరు రావాలో మేమే నిర్ణయిస్తాం అన్నది ఆలయం వారి వాదన. మత సంస్థల సొంత వ్యవహారాల హక్కు 26వ అధికరణంలో ఉంది కాబట్టి అది తేలిగ్గా కొట్టిపారేసే వాదన కాదు. ఆలయం వారికి కొన్ని ప్రత్యేక పూజల వరకు వెసులుబాటు ఇస్తూనే, దర్శనానికి అందరినీ రానివ్వాలనీ, ఈ రెండు అధికరణాలూ ఎదురుపడితే 25(2)(బి)దే పైచేయి అనీ కోర్టు తేల్చింది. ఒక పదాన్ని మార్చడం అంటే ఇదీ. కోర్టులో ఏ వాక్యం ఎలా విరుగుతుందో ముందే ఊహించి రాయగలగాలి. అది కోర్టు గుమాస్తా కాగితాలు, సెక్షన్లు, ఎదుటి లాయరు ఎత్తులూ చూసినవాళ్లకే బాగా వస్తుంది.

మళ్లీ 1948 డిసెంబర్‌కు వద్దాం. అదే నెలలో మరో చర్చ, సుప్రీంకోర్టుకు నేరుగా వెళ్లే హక్కు గురించి. ఈ రోజు అది 32వ అధికరణం. దాన్ని అంబేద్కర్ రాజ్యాంగానికి ఆత్మ, హృదయం అన్నారని అందరికీ తెలుసు. అదే చర్చలో దుర్గాబాయి కూడా మాట్లాడారు. కోర్టుకెళ్లి అమలు చేయించుకునే దారి లేని హక్కుకు అర్థం లేదనీ, మిగతా ప్రాథమిక హక్కులన్నిటికీ ఇదే మూలమనీ ఆమె వాదన. వేలూరులో ఆ ఆడవాళ్లను చూసిన మనిషి కాబట్టి ఈ మాటకు అంత బరువు.

ఇప్పుడు హిందీ సంగతి. 1949 సెప్టెంబర్‌లో అధికార భాష మీద సభ వేడెక్కింది. చిన్నప్పుడే ఇష్టంగా హిందీ నేర్చుకుని, ఊళ్లో ఆడపిల్లలకు నేర్పిన దుర్గాబాయి లేచి, హిందీ కోసం కొందరు చూపిస్తున్న దూకుడు దక్షిణాదిలో తమలాంటి వాళ్ల ఉత్సాహాన్నే దెబ్బతీస్తోందని బాధపడ్డారు. ఆమె కోరింది హిందీ, ఉర్దూ కలిసిన హిందుస్తానీ. ఆ వాదన ఓడిపోయింది. ఓడినా, ఆ మాట అనే అర్హత ఆ సభలో ఆమెకన్నా ఎక్కువ ఎవరికుంది?

[స్క్రీన్ మీద: 1952, తొలి సాధారణ ఎన్నికలు]

తాత్కాలిక పార్లమెంటులోనూ కొనసాగారు, హిందువుల పెళ్లి, వారసత్వ చట్టాలను మార్చే హిందూ కోడ్ బిల్లుకు మద్దతిచ్చారు. 1952 ఎన్నికల్లో మాత్రం ఓడిపోయారు. చట్టసభ జీవితం అక్కడితో ముగిసింది. ప్రణాళికా సంఘం సభ్యురాలయ్యారు. 1953 జనవరిలో అప్పటి ఆర్థిక మంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్‌ను పెళ్లి చేసుకున్నారు, సాక్షుల్లో నెహ్రూ ఒకరు. అదే ఏడాది కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే దానికి తొలి అధ్యక్షురాలయ్యారు. 1958లో స్త్రీ విద్య మీద వేసిన జాతీయ కమిటీకీ ఆమే అధ్యక్షురాలు. 1975లో పద్మవిభూషణ్ వచ్చింది.

చట్టసభలో చోటు పోయినా చట్టం చేయించే పని ఆపలేదు. 1953లో చైనా వెళ్లినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాలను గమనించి, ఇక్కడా పెట్టాలని నెహ్రూతో, జస్టిస్ చాగ్లా, జస్టిస్ గజేంద్రగడ్కర్ లాంటి న్యాయమూర్తులతో చర్చించారు. ఏళ్లు గడిచాయి. 1981 మే 9న ఆమె కన్నుమూశారు. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది.

ఆ చట్టంలో రెండు సంగతులు చూడండి. పదిలక్షల జనాభా దాటిన ప్రతి నగరంలో ఫ్యామిలీ కోర్టు పెట్టాలి. రెండోది, భార్యాభర్తలు లాయరు లేకుండానే జడ్జితో నేరుగా మాట్లాడుకోవచ్చు; లాయరును పెట్టుకోవడం అక్కడ హక్కు కాదు, కోర్టు అనుమతి ఉండాలి. ముందు రాజీకి ప్రయత్నించాలి, కౌన్సెలర్లు ఉండాలి. విడాకులు, మనోవర్తి, పిల్లల కస్టడీ కోసం హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్యామిలీ కోర్టు మెట్లెక్కేవాళ్లు ఈ ఏర్పాటునే వాడుకుంటున్నారు. వాయిదాలు ఇప్పటికీ ఎక్కువే, టెన్షన్ తగ్గలేదు, అది వేరే వీడియోకు సరిపడా విషయం.

రాజ్యాంగ సభ చర్చలు లోక్‌సభ వెబ్‌సైట్‌లో ఇంగ్లీషులో ఉచితంగా చదవొచ్చు. 1948 డిసెంబర్ పేజీలు తెరిచి జి. దుర్గాబాయి అని వెతకండి. దేశ్‌ముఖ్ అని వెతికితే అక్కడ ఆమె దొరకరు.