బూస్టర్ సీటు రివ్యూ: బెల్టు వెనక్కి పోవట్లేదు!

నమస్తే అండీ, నల్లగొండ నుంచి మళ్ళీ నేనే. ముందే చెప్పేస్తున్నా, పిల్లల కోసం కారులో పెట్టే ఈ బూస్టర్ సీటు కంపెనీ వాళ్ళు ఉచితంగా పంపారు. డబ్బులు ఇవ్వలేదు, ఏం చెప్పాలో కూడా చెప్పలేదు. లోగో మీద టేపు వేశాను. ఒక్క సీటు చూసి మొత్తం కంపెనీని తిట్టడం నాకు ఇష్టం లేదు.

రంగులు, బరువు, కప్పు హోల్డరు, ఇవన్నీ వేరే వీడియోల్లో చూసే ఉంటారు. గుడ్డ ఉతకొచ్చు. ఇక అసలు విషయానికి వద్దాం.

మా పాపకు ఆరేళ్ళు, ఎత్తు 113 సెంటీమీటర్లు. చిన్నప్పటి సీటు పట్టట్లేదు. కారు బెల్టు పెడితే పైది మెడకు ఒరుసుకుంటుంది, కిందిది పొట్ట మీదికి ఎక్కుతుంది. గట్టిగా గుద్దుకుంటే ఆ బెల్టే లోపలి పేగులను నొక్కేస్తుంది. బూస్టర్ చేసేది ఒకే పని. పిల్లను పైకి లేపి, పై బెల్టు భుజం మధ్య నుంచి ఛాతీ మీదుగా, కింది బెల్టు తుంటి ఎముక మీదుగా, తొడలకు ఆనుకుని పోయేలా చేస్తుంది. పిల్లను పట్టి ఉంచేది సీటు కాదు, బెల్టే.

ఇది మా అత్తమ్మకు చెప్పడానికి నాకు రెండు నెలలు పట్టింది. "పొల్లను కుర్చీల కట్టేసుడేందే, నా ఒళ్ళ కూసుంటది గాదా" అనేది. అత్తమ్మా, మన పొల్ల 19 కిలోలు. స్పీడు మీద గుద్దుకుంటే ఆ లెక్క వందల కిలోలకు పోతుంది, ఏ చేతులు ఆపుతాయి చెప్పు అన్నాను. "నీ లెక్కలు నాకొద్దు" అంది కానీ, ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం మాత్రం మానేసింది.

నేనూ తప్పులు చేశాను లెండి. మొదట్లో దిండు వేశాను. దిండు నలుగుతుంది, జారుతుంది, దానితో పాటు పిల్ల కూడా బెల్టు కిందికి జారుతుంది. తర్వాత బెల్టుకు తగిలించే మూడు మూలల క్లిప్పు ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను. మెడ దగ్గర బెల్టు దిగింది, నాకు తెగ సంతోషం. తర్వాత చూస్తే అది కింది బెల్టును పైకి, సరిగ్గా పొట్ట మీదికి గుంజుతోంది! ఇప్పుడది డబ్బాలో పడుంది. వీపు లేని బూస్టర్ చవక కదా అంటారు. యూరప్‌లో పిల్లల కారు సీట్లకు పెట్టిన ఆర్129 నియమం ప్రకారం అవి 125 సెంటీమీటర్లు దాటిన పిల్లలకే. మా పాపకు ఇంకా టైముంది.

సరే, ఈ సీటు దగ్గరికి వస్తా. భుజం దగ్గర ఈ ఎర్ర గైడు చూడండి, బెల్టు దీనిలోంచి పోవాలి. మొదట పెట్టినప్పుడు చక్కగా కుదిరింది, వీడియో టైటిల్ కూడా 'సూపర్' అని అనుకున్నాను. నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కామో లేదో, పాప ముంజలు అమ్మేవాళ్ళను చూడ్డానికి ముందుకు వంగింది. బెల్టు బయటికి వచ్చింది. వెనక్కి ఆనుకుంది. బెల్టు మాత్రం వెనక్కి పోలేదు. జానెడు వదులు! చిట్యాల వచ్చేదాకా నేను చూసుకోలేదు. బండి పక్కకు ఆపి చేత్తో గుంజాను. చౌటుప్పల్ దగ్గర మళ్ళీ అదే కథ.

రెండు వారాలు దీనితోనే కుస్తీ. గైడు సందు ఇరుకు, అంచు గరుకు, బెల్టు అక్కడ ముడుచుకుని ఇరుక్కుంటోంది. హెడ్‌రెస్ట్ ఒక మెట్టు పైకి జరిపితే కాస్త నయం, కానీ అప్పుడు బెల్టు మెడ వైపు వస్తుంది. పక్కింటివాళ్ళ కారులో పెట్టి చూశాను. వాళ్ళ బెల్టు కొంచెం వెనక నుంచి వస్తుంది కాబట్టి అక్కడ పది సార్లకు రెండు సార్లే ఇరుక్కుంది. అందుకే చెప్తున్నా, కొనేముందు మీ కారులో, మీ పిల్లను కూర్చోబెట్టి, ముందుకు వంగమని, వెనక్కి ఆనుకోమని చెప్పి చూడండి. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇంకో మాట. ఖాళీగా ఉన్నా సీటుకు బెల్టు పెట్టే ఉంచండి, లేకపోతే గుద్దుకున్నప్పుడు అదే ఎగిరొచ్చి మన తలకు తగులుతుంది. ఎండాకాలం బకిల్ మీద తువ్వాలు కప్పండి, మా పాప ఒకసారి చేయి కాల్చుకుంది.

చట్టం అడిగేవాళ్ళకు: మోటారు వాహనాల చట్టానికి 2019 సవరణలో వచ్చిన 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్ళ లోపు పిల్లలను బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకుండా తీసుకుపోతే 1000 రూపాయలు జరిమానా.

మెత్తగా ఉంది, చూడ్డానికి బాగుంది, పాప పది నిమిషాల్లో నిద్రపోతుంది. అయినా నేను దీన్ని ఉంచుకోను. ప్రతి పది కిలోమీటర్లకు వెనక్కి తిరిగి బెల్టు గుంజుతూ బండి నడపలేను. తిరిగి పంపేస్తున్నా. కాకపోతే పాప దీని నిండా సీతాకోకచిలుక స్టిక్కర్లు అంటించింది, ముందు అవి గీకాలి.